బయానా తీసుకునే ముందు: నా తోటి ఏజెంట్లకు ఒక లేఖ

హైదరాబాద్ తూర్పు వైపు ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా, ఇటు నాగారం, కీసర వైపు ఇళ్లు, ప్లాట్లు చూపించి బతుకుతున్న నా తోటి ఏజెంట్లందరికీ నమస్కారం.

నేనూ మీలో ఒకదాన్నే. పదిహేడేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మీలో చాలామంది నన్ను అక్కా అని పిలుస్తారు. కొందరు నా బండి వెనక కూర్చుని సైట్లు తిరుగుతూ ఈ పని నేర్చుకున్నారు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. విడివిడిగా ఫోన్ చేసి చెప్పే మాటలు కావివి. నలుగురి ముందూ చెప్పుకుని, నలుగురం కలిసి ఆలోచించాల్సినవి.

పోయిన నెల ఒక రిజిస్ట్రేషన్ పని మీద సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాను. సర్వర్ పని చేయక అందరం బెంచీల మీద కూర్చున్నాం. నా పక్కన డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఉంది. అప్పటికే ఆమె వేలిముద్ర వేయడం, ఫొటో దిగడం అయిపోయాయి. చేతిలో చిన్న సంచి, అందులో మాత్రల డబ్బా, మంచినీళ్ల సీసా. భర్త కట్టిన ఇల్లట. ఆయన పోయి ఏడాదిన్నర. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు కలిసి అమ్మేస్తున్నారు. కాసేపు నా వైపు చూసి మెల్లగా అడిగింది: "బిడ్డా, ఇగ నేను ఏడ ఉండాలె?"

నాకేం చెప్పాలో తెలియలేదు. "మీ వాటా డబ్బులు ఎవరి ఖాతాలో పడ్డాయమ్మా?" అని అడిగాను. "పెద్దోడు చూసుకుంటడు" అంది. ఇల్లు ఎప్పటిలోగా ఖాళీ చేయాలో కూడా ఆమెకు తెలియదు. ఆ బేరం కుదిర్చిన ఏజెంటు మనవాడే, నాకు తెలిసిన కుర్రాడే. పక్కకు పిలిచి అడిగితే, "అది వాళ్ల ఇంటి విషయం అక్కా, మనకెందుకు" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. అతని స్థానంలో పదేళ్ల క్రితం నేనున్నా అదే మాట అనేదాన్ని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఈ ఉత్తరం అప్పుడే మొదలైంది.

మనం వాళ్లను పార్టీ అంటాం. పార్టీ వచ్చింది, పార్టీ ఓకే అంది, పార్టీ జారిపోయింది. కానీ మన దగ్గరికి ఊరికే ఎవరూ రారు కదా. ఎవరో చనిపోతే ఇల్లు అమ్ముతారు. బిడ్డ పెళ్లికి ప్లాటు అమ్ముతారు. రిటైరైన డబ్బులతో కొంటారు. అప్పులోళ్లు గుమ్మం ముందు కూర్చుంటే వచ్చిన రేటుకు వదిలేసుకుంటారు. అలా వచ్చిన మనిషికి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల కాగితం) చదవడం రాదు, లింక్ డాక్యుమెంట్లలో, అంటే పాత యజమానుల పత్రాల్లో, ఏది తప్పిందో తెలియదు. మనకు తెలుసు. దయ అనే మాట మన పనిలో ఎక్కడ పనికొస్తుందని నన్నడిగితే, ఇక్కడే అంటాను. తెలిసింది దాచకుండా, బయానా (అడ్వాన్సు) చేతులు మారకముందే చెప్పేయడం. తీపిగా మాట్లాడటం మనందరికీ వచ్చు. నేను అడుగుతున్నది ఈ చెప్పడం గురించి.

నేను చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. ఇంతవరకూ మీలో ఎవరికీ చెప్పలేదు.

2013లో ఒక ప్రైవేటు స్కూలు టీచరుకు 150 గజాల ప్లాటు అమ్మించాను. గ్రామ పంచాయతీ లేఅవుటు. చూపించింది ఏప్రిల్ నెలలో, నేల ఎండి గట్టిగా ఉంది, రోడ్లకు సున్నం గీతలు, హద్దురాళ్లకు పసుపు రంగు. అంతకు వారం ముందు ఒంటరిగా సైటుకు వెళ్లినప్పుడు గొర్రెలు మేపుతున్న ఒక తాత అన్నాడు: "వానకాలం మేము ఇటు రాము బిడ్డా, కాళ్లు దిగబడ్తయ్." ఆ మాట నేను విన్నాను. పైన కుంట ఉందని, దాని అలుగు పారితే నీళ్లు ఇటే వస్తాయని అర్థం కానంత కొత్తదాన్ని కూడా కాదు. టీచరుతో ఆ ముక్క చెప్పలేదు. కమీషన్ వస్తే మా పెద్దవాడి ఫీజు కట్టాలి. అంతే కారణం.

2020 అక్టోబర్ 13 మీ అందరికీ గుర్తుంటుంది. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులోనే 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ఆ టీచరు అప్పటికి అక్కడ ఇల్లు కట్టుకుని రెండేళ్లయింది. కింది గదుల్లో నడుము లోతు నీళ్లు. మర్నాడు ఆమె ఫోన్ చేసింది. తిట్టడానికి కాదు. ఒక్కటే అడిగింది: "అక్కా, ఇక్కడికి నీళ్లొస్తాయని మీకు ముందే తెలుసా?" తెలియదు అన్నాను. నాలుగు రోజుల తరువాత వాళ్లింటికి వెళ్లాను. పిల్లల పుస్తకాలు మేడ మీద ఎండబెట్టి ఉన్నాయి, పరుపులు గోడకు ఆనించి ఉన్నాయి. అక్కడ నిలబడి నిజం చెప్పాను. ఆమె ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. ఇప్పటికీ నాతో మాట్లాడదు. మాట్లాడాల్సిన అవసరం ఆమెకు లేదు.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. ఏ సైటైనా ముందు గ్రామ నక్ష, అంటే ఊరి భూముల పటం, తీస్తాను. అందులో కుంట, వాగు, కాలువ ఎక్కడున్నాయో పార్టీని కూర్చోబెట్టి వేలు పెట్టి చూపిస్తాను. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైటులో ఎఫ్‌టీఎల్ మ్యాపులు, అంటే చెరువు నిండితే నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో చూపే పటాలు, ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. పదిహేనేళ్ల వెనక్కి వెళ్లి చూస్తే, ఇప్పుడు ప్లాట్లున్న చోట ఒకప్పుడు నీళ్లు మెరుస్తూ కనిపిస్తాయి. ఇవన్నీ అయ్యాక ఊళ్లో టీ కొట్టు దగ్గర ఇద్దరు ముసలివాళ్లను అడుగుతాను. శిఖం భూమి, అంటే చెరువు కింది నేల, ఎక్కడి దాకా ఉందో ఏ ఆఫీసు కన్నా వాళ్లు సూటిగా చెబుతారు. వీలైతే వానాకాలంలో ఒకసారి సైటు చూడమంటాను. "అప్పటిదాకా రేటు పెరిగిపోదా?" అని అడుగుతారు. పెరగొచ్చు. ఆ మాటా దాచను.

చెరువుల్లో ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చిన 2024లో మన వైపు ఎంత టెన్షన్ పడ్డామో తెలుసు కదా. కూల్చిన ఇళ్ల ముందు జనం అన్న మాట ఒక్కటే: "రిజిస్ట్రేషన్ అయింది కదా, కరెంటు మీటరు ఇచ్చారు కదా, బ్యాంకు లోను ఇచ్చింది కదా." వాళ్లతో ఆ మాటలు అనిపించింది ఎవరు? మనమే. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన హక్కు ఖాయమైనట్టు కాదని మనలో ఎంతమంది పార్టీకి చెప్పాం? 10 హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్‌గా ఖాళీ వదలాలని 2012 నాటి భవన నిబంధనల్లోనే ఉంది. అది మనకు కొత్తగా ఎవరో వచ్చి చెప్పిన సంగతి కాదు.

చట్టం సంగతి కూడా చెప్పుకుందాం. ఇళ్లు, ప్లాట్లు కొనేవాళ్ల రక్షణ కోసం వచ్చిన 2016 రెరా చట్టంలో తొమ్మిదో సెక్షన్, పదో సెక్షన్ మన గురించే రాశారు. రిజిస్టర్ చేసుకున్న ఏజెంటే రెరా ప్రాజెక్టుల్లో అమ్మకాలు చేయాలి. రిజిస్టర్ కావాల్సి ఉన్నా రిజిస్టర్ చేయని ప్రాజెక్టును అమ్మించకూడదు. బుకింగ్ సమయానికి కొనేవాడికి రావాల్సిన కాగితాలన్నీ అతని చేతికి అందేలా చూడాల్సింది ఏజెంటే. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం గానీ, ఎనిమిదికి మించి ఫ్లాట్లు గానీ ఉంటే ఆ ప్రాజెక్టు రెరాలో ఉండాలి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఇదంతా మీకు తెలుసు. అయినా ప్రీ లాంచ్ (పర్మిషన్ రాకముందే అమ్మడం) పేరుతో, అన్‌డివైడెడ్ షేర్ (విడదీయని భూమిలో వాటా) పేరుతో, మొత్తం డబ్బు ముందే కట్టేస్తే సగం రేటు అని మన వాట్సాప్ గ్రూపుల్లో రోజుకు నాలుగు పోస్టులు వస్తూనే ఉన్నాయి.

మూడేళ్ల క్రితం ఆర్టీసీ కండక్టరుగా రిటైరైన ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. చేతిలో పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బులు. ఎవరో ఒక ప్రీ లాంచ్ గురించి చెప్పారట, నన్ను కూడా అందులోనే ఇప్పించమన్నాడు. పర్మిషన్ రాలేదు, రెరా నంబరు లేదు, ఇప్పించను అన్నాను. కాగితాలు ఎలా చూడాలో గంట సేపు చెప్పి పంపాను. పంపేసి, నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన ఇంకొక ఏజెంటు దగ్గరికి వెళ్లి మొత్తం కట్టేశాడు. ఇప్పుడు నెలకోసారి ఆ కంపెనీ ఆఫీసు మెట్లెక్కి దిగుతున్నాడు. మొన్న ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కనిపించాడు. మనిషి సగమయ్యాడు. వారం తరువాత నేనొక ఫోన్ చేసి ఉంటే, వాళ్లావిడతోనో కొడుకుతోనో మాట్లాడి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది. వద్దని చెప్పడంతో ఆగిపోకూడదని ఆయన్ను చూశాకే నాకు తెలిసింది. ఇప్పుడు రిటైర్మెంట్ డబ్బుతో వచ్చిన వాళ్లనెవరినీ ఒంటరిగా సంతకం పెట్టనివ్వను. ఇంటివాళ్లను తీసుకురమ్మంటాను. సైటు చూసిన రోజే బయానా తీసుకోను. మూడు రాత్రులు నిద్రపోయి రమ్మంటాను.

ఆడబిడ్డల సంతకాల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. ఇది మగవాళ్లకు అంత సులువుగా కనిపించని విషయం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

తండ్రి ఇల్లు అమ్మేటప్పుడు అక్కచెల్లెళ్లను కారులో తీసుకొస్తారు. అన్నదమ్ములే టిఫిన్ పెట్టిస్తారు. "ఒక సంతకం పెట్టి పో అక్కా" అంటారు. దేని మీద పెడుతున్నదీ, ఆ ఇల్లు ఎంతకు అమ్ముడవుతున్నదీ ఆమెకు తెలియదు. అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందని భయం. కట్నం, పసుపు కుంకుమ ఇచ్చేశాం కదా అంటారు. తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తికి వీలునామా రాయకుండా పోతే, కొడుకులతో పాటు కూతుళ్లకూ భార్యకూ సమాన వాటా అని 1956 నుంచే హిందూ వారసత్వ చట్టంలో ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కు అని మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి తెచ్చారు, అప్పటికి పెళ్లికాని అమ్మాయిలకు. 2005లో దేశమంతటికీ వచ్చింది, పెళ్లయిన వాళ్లకు కూడా. అది పుట్టుకతోనే వచ్చే హక్కని 2020లో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. ఇవి చెబితే బేరం చెడిపోతుందని మన భయం.

నేను ఒక పని చేస్తున్నాను. అగ్రిమెంటుకు ముందు ఆ అక్కచెల్లెళ్లతో, ఆ తల్లితో విడిగా పది నిమిషాలు కూర్చుంటాను. ఇల్లు ఎంతకు పోతోంది, వాళ్ల వాటా ఎంత, సంతకం పెట్టాక ఏమవుతుంది, ఇంతే చెబుతాను. తీసుకోవాలా వదులుకోవాలా అన్నది వాళ్ల ఇష్టం. చాలామంది వదులుకుంటారు. తెలిసి వదులుకుంటారు. ఒకావిడ మాత్రం, "నాకు డబ్బులొద్దు గానీ మా అమ్మ పేరు మీద వేయమను" అంది. అన్నదమ్ములు ఒప్పుకున్నారు. కొనేవాడికి కూడా దీనివల్ల మేలే. పదేళ్ల తరువాత ఎవరో కోర్టుకెళ్లి ఇంజంక్షన్ తెస్తారన్న బెంగ ఉండదు. డబ్బు ఎవరెవరికి ఏ చెక్కు ద్వారా చేరిందో సేల్ డీడ్‌లో ఎలాగూ రాస్తాం. ఆ చెక్కులు ఎవరి వాటాకు వాళ్ల పేరు మీదే ఉండాలని బేరం రోజునే చెబితే పోయేదేముంది?

ఇల్లు అమ్మే కుటుంబంలో పెద్దవాళ్లుంటే ఇంకో ప్రశ్న కూడా అడుగుతాను. రిజిస్ట్రేషన్ అయిన రాత్రి వీళ్లు ఎక్కడ పడుకుంటారు? జవాబు లేకపోతే, ఖాళీ చేయడానికి రెండు నెలల గడువు అగ్రిమెంటులో రాయిస్తాను. కొనేవాళ్లు మామూలుగా ఒప్పుకుంటారు. ఆ మాట ఎవరో ఒకరు ఎత్తాలి, అంతే.

ఇక కిరాయిల సంగతి. టులెట్ బోర్డు చూసి మన ద్వారా వచ్చేవాళ్లను ఓనర్లు మొదట అడిగేది "వాళ్లేమిటోళ్లు?" అని. కులం, మతం, ఇంట్లో ఏం వండుకుంటారు, ఒంటరి ఆడమనిషైతే ఎవరెవరు వస్తారు. నేను ఉద్యోగం చెబుతాను, ఇంట్లో ఎంతమందో చెబుతాను, పాత ఓనరు ఫోన్ నంబరు ఇస్తాను. కులం నేను అడగను, ఓనరుకు చెప్పను. దీనివల్ల కొన్ని ఇళ్లు నా చేతి నుంచి పోయాయి. పోనివ్వండి.

కానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. కిరాయి ఇంట్లో చావు. మనందరం చూశాం. ఆసుపత్రిలో మనిషి పోతాడు, శవాన్ని గేటు లోపలికి రానివ్వరు. అంబులెన్స్ రోడ్డు మీదే ఆగుతుంది. వానలో టార్పాలిన్ కింద పెట్టుకుని ఏడుస్తారు. పదకొండు రోజులు గడవకముందే ఇల్లు ఖాళీ చేయమంటారు. అయిదేళ్లు ఒకటో తారీఖునే కిరాయి కట్టిన కుటుంబాన్ని! ఓనర్లందరూ రాతి గుండెలవాళ్లు కారు. వాళ్ల భయం వాళ్లది: మైల, వాస్తు, మళ్లీ కిరాయికి ఎవరూ రారేమోనని. ఆ భయాన్ని ఆ ఏడుపుల మధ్య పోగొట్టలేం. ఇల్లు చూపించే రోజే మాట్లాడుకోవాలి.

నాలుగేళ్లుగా నేను కుదిర్చే ప్రతి కిరాయి అగ్రిమెంటులో ఒక వాక్యం రాయిస్తున్నాను: ఇంట్లో ఎవరైనా కాలం చేస్తే కార్యక్రమాలు పూర్తయ్యేదాకా కుటుంబం అదే ఇంట్లో ఉండవచ్చు, భౌతికకాయాన్ని ఇంటి ఆవరణలో ఉంచవచ్చు, తరువాత ఇల్లు శుభ్రం చేయించే ఖర్చు కిరాయిదారుదే. మొదట్లో ఓనర్లు ఉలిక్కిపడ్డారు. "శుభమా అని ఇల్లిస్తుంటే చావు మాటెందుకమ్మా" అన్నారు. పూజ చేయించుకోవాలంటే ఆ ఖర్చు కూడా ముందే మాట్లాడుకుందాం అన్నాను. పదిమందిలో ఇద్దరో ముగ్గురో ఒప్పుకునేవాళ్లు మొదట. ఇప్పుడు కాస్త ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. ఒక ఓనరైతే, "మా నాన్న కూడా కిరాయి ఇంట్లోనే పోయాడమ్మా, బజార్లో పెట్టుకున్నాం" అని చెప్పి వెంటనే సంతకం పెట్టాడు. ఇన్నాళ్లూ ఎవరూ ఆయన్ను ఆ మాట అడగలేదు.

మీలో కొందరు ఇప్పటికే అనుకుంటూ ఉంటారు, అక్కకు ఇల్లు గడిచిపోతోంది కాబట్టి చెబుతోందని. నాకూ ఈఎంఐ ఉంది. ఈ పద్ధతుల వల్ల నాకు పోయిన కమీషన్లు తక్కువేం కాదు, పోయినేడు వరుసగా మూడు నెలలు ఒక్క రిజిస్ట్రేషన్ కూడా లేదు. "మనం చెప్పి ఆపినా పక్కవాడు అమ్మేస్తాడు కదా" అంటారు. అమ్ముతాడు, కండక్టరు గారి విషయంలో అదే జరిగింది. అందుకే ఒక్కదాన్నే చేసుకుపోకుండా మీ అందరికీ రాస్తున్నాను. ఆ పక్కవాడు మీలో ఒకడు. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా ఉన్న మనం ఒక వందమందిమి ఒకే మాట మీద ఉంటే, రెరా నంబరు లేని ప్రాజెక్టును మన వైపు అమ్మడం బిల్డరుకు కష్టమవుతుంది.

మన సంఘం పెద్దలను ఒకటి అడుగుతున్నాను. వచ్చే మీటింగులో కమీషన్ రేట్ల గురించి మాట్లాడే ముందు అరగంట దీనికి ఇవ్వండి. గ్రూపుల్లో పెట్టే ప్రతి వెంచర్ పోస్టు కింద సర్వే నంబరు, రెరా నంబరు, దగ్గరలోని చెరువు ఎంత దూరమో రాయాలని నియమం పెట్టండి. రాయని పోస్టు తీసేయండి. కిరాయి అగ్రిమెంటులో నేను రాయించే వాక్యాన్ని లాయరుకు చూపించి, ఇంకా బాగా రాయించి అందరికీ పంచండి. కొత్తగా వచ్చిన పిల్లలు నెలరోజుల పాటు సైటు అమ్మడం కాకుండా గ్రామ నక్ష, ఈసీ చదవడం నేర్చుకోవాలి. ఎవరూ రాకపోతే ఆదివారం ఉదయం నేను నేర్పిస్తాను.

ఇక ఆ పెద్దావిడ. ఆ రోజు ఆమె కూతురి నంబరు తీసుకున్నాను. ఇల్లు ఖాళీ చేసేశారు. పెద్ద కొడుకు ఇంట్లో కోడలికి ఇబ్బందిగా ఉందట, కూతురిది చిన్న పోర్షను. ఆమె వాటా డబ్బును కూతురు పట్టుబట్టి తల్లి పేరు మీదే డిపాజిట్ చేయించింది, అంతవరకు మేలు. ఇప్పుడు కూతురింటికి దగ్గరలో ఒక గది కోసం మూడు వారాలుగా తిరుగుతున్నాను. నలుగురు ఓనర్లు వద్దన్నారు. వయసు అడిగారు, ఒంటరిగా ఉంటుందంటే, "రేపు ఏమైనా అయితే?" అన్నారు.

బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి, ఎక్కడైనా సరే. కింది పోర్షను కావాలి, మెట్లు ఎక్కలేదు. బాత్రూమ్ లోపలే ఉండాలి. కిరాయి 5 వేల లోపు, ఒకటో తారీఖున కూతురు పంపుతుంది. గుడి దగ్గరుంటే సంతోషిస్తుంది. కిరాయి అగ్రిమెంటులో నేను రాయించే ఆ వాక్యానికి సంతకం పెట్టే ఓనరు కావాలి. చూపించిన వాళ్ల కమీషన్ నేనిస్తాను. నా నంబరు మీ అందరి దగ్గరా ఉంది.

ఇట్లు,
మీ అక్క
బోడుప్పల్